విత్తనానికి తీయగా మిగిలినవి

తిరుత్తణి,
8 డిసెంబరు 2024

చిరంజీవి సౌభాగ్యవతి కాంచనను నీ వదిన దేవకి ఆశీర్వదించి రాయడం ఏమంటే,

ఫోను నువ్వే పెట్టేశావు. సిగ్నల్ పోయిందని నా తమ్ముడు తర్వాత సర్దిచెప్పబోయాడు గానీ నేను నమ్మలేదు. నేను గుమ్మడి గింజల మాట ఎత్తిన క్షణమే చూసి పోతుందా సిగ్నల్? అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవు. మడిచి పక్కన పడేసినా, మళ్ళీ విప్పితే ఎక్కడ ఆపావో అక్కడే ఉంటాను. పూల కమలమ్మ రోజూ పొద్దున రైల్లో మీ ఊరికే కదా బుట్ట తెచ్చేది, ఆమె చేతికే ఇస్తున్నాను. స్టాంపుల కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు.

సంగతికి వస్తాను. సెప్టెంబరులో పసుపు సంచిలో మీకు గుమ్మడికాయ పంపాను. ప్రతి ఏడూ దీపావళి లోపల ఆ సంచి గింజలతో నాకు తిరిగి వస్తుంది. ఈ ఏడు గింజలూ లేవు, సంచీ లేదు. అమ్మ మంచాన పడినప్పుడు మనిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పిందో నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. “గింజ దేవకికి, కాయ కాంచనకి. కాయ తిన్నోళ్ళు గింజ తిరిగి పంపాల. సంచి మాత్రం వట్టిది పంపొద్దండి” అనింది. ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో ఉంటాయని ఆమె ఆలోచన. చదువుకోని మనిషే, కానీ ఎంత ముందుచూపు.

ఆ ముందుచూపు ఇప్పుడు పనికొచ్చే రోజు వచ్చింది. మొన్నటి తుఫానుకు మా ఇంటి పెంకు ఒకటి జరిగి, సరిగ్గా అటక మీద నేను బూడిద పట్టించి మూటగట్టిన గింజల మీదే నీళ్ళు కారాయి. విప్పి చూస్తే బూజు, కంపు. ఒక్కటి మిగల్లేదు. మిగతా కాయలన్నీ సంతకు పోయాయి. అమ్మ గుమ్మడికి ఇక మిగిలింది మీ ఇంట్లో ఉన్న గింజలే. సంక్రాంతితో తై నెల పుట్టగానే పాదు వేయాలి. ఇది మనసులో పెట్టుకో.

ఇప్పుడు అసలు మంట చెబుతాను. పక్కింటి అభినయ తన ఫోనులో మీ కోడలు భార్గవి వీడియో చూపించింది. అరవంలో నవ్వుతూ చెబుతోంది, వేస్టుగా పారేసే గుమ్మడి గింజలతో ఇంట్లో ఎన్ని రకాలు చేసుకోవచ్చో. ఉప్పూ కారం వేసి వేయించడం, ఎండుమిర్చితో ఇడ్లీ పొడి, బెల్లం పాకంలో ఉండలు, జీడిపప్పు బదులు పాయసంలోకి, చివరికి పాలతో నూరి ముఖానికి పూత. ముఖానికి! మా అమ్మ గింజలను ముఖానికి రాసుకుని కడిగేస్తారా మీరు?

గింజలు తినొద్దని నేను అనను. మేమూ తిన్నాం. అమ్మ కాయ కోయగానే నడుమ ఉన్న గింజలను విడిగా తీసేది. వేలితో నొక్కితే పప్పు నిండుగా తగిలినవి విత్తనానికి. తొడిమ దగ్గరివీ, అడుగువీ, పీలగా ఉన్నవీ మా కోసం బాణలిలోకి. మిగిలిన గింజలంటే విత్తనానికి తీయగా మిగిలినవి. కూర వండుకోగా మిగిలినవి కావు. మీ కోడలికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదా? చెప్పాల్సిన అత్త ఎక్కడుంది?

గింజలు వెంటనే పంపు. సంచి కూడా.

మోకాలి నొప్పి అలాగే ఉంది, అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు అడగలేదని నాకు తెలుసు.

ఇట్లు
దేవకి

*

తిరువళ్ళూరు,
15 డిసెంబరు 2024

వదినగారికి కాంచన నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం కమలమ్మ బజారు వీధిలో నలుగురు ఆడవాళ్ళు పూలు బేరమాడుతుండగా నా చేతికిచ్చింది. “మీ ఆడబిడ్డ శానా కోపంగా ఉండాది, ఇంటికిపొయ్యి చదువుకోమ్మా” అని గట్టిగా చెప్పి మరీ ఇచ్చింది. మన ఇంటి గుమ్మడికాయ సంగతి ఇప్పుడు తిరువళ్ళూరులో పూలు కొనేవాళ్ళందరికీ తెలుసు. సంతోషమా?

ముందు భార్గవి సంగతి. ఆ వీడియోలో ఉన్నది మీ కాయ కాదు. సంతలో కొన్న కాయ. ఆ పిల్ల ఇంతకుముందు కూరగాయల చెత్తతో ఎరువు చేయడం పెట్టింది, అరటి తొక్కతో పచ్చడి పెట్టింది, ఎవరికీ కడుపు నొప్పి రాలేదు. గుమ్మడి గింజ అనేసరికి మీకు వచ్చింది. మీ ఉత్తరం నేను చదువుతుంటే పక్కన నిలబడి వింది. తెలుగు చదవడం రాదు గానీ తిట్టు ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది కదా. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. పొద్దున చూస్తే వీడియో తీసేసింది. మీ మేనల్లుడు ముకేశ్ కాట్టుపల్లిలో పని నుంచి వారానికోసారి ఇంటికొస్తాడు కదా. వచ్చినవాడు పెళ్ళాం మొహం చూసి నన్ను నిలదీశాడు. నేనేం చెప్పాలి? మీ మేనత్తకు గింజలు కావాలట అని చెప్పాను.

చెప్పాల్సిన అత్త ఎక్కడుందని అడిగారు. ఇక్కడే ఉంది. పొద్దున నాలుగింటికి నీళ్ళు పడుతూ ఉంది, లోడ్ ఆటో తోలే మీ తమ్ముడికి టిఫిన్ కడుతూ ఉంది. మీ అమ్మగారిని చివరి దాకా చూసుకున్నదీ ఆ అత్తే. గింజల మూట వేరేవాళ్ళకు పోయినా నోరెత్తనిదీ ఆ అత్తే.

మీ తమ్ముడు గింజలు పొట్లం కట్టి ఇచ్చాడు. పసుపు సంచిలో పెట్టి కమలమ్మతో పంపుతున్నాను. తై నెలకు ఇంకా టైముంది. ఇక దీని గురించి మాట్లాడుకోవద్దు.

మోకాలికి నల్లేరు కాచిన నూనె పంపాను. అడగకపోయినా పంపాను.

కాంచన

*

తిరుత్తణి,
3 జనవరి 2025

కాంచనకు,

ఆశీర్వాదాలు ఉత్తరం చివర చూద్దాం, మిగిలితే.

డిసెంబరు ఆఖరి రోజు కొండ మెట్ల పూజకు జనం పోటెత్తారు. ఊళ్ళో కాలు పెట్టే చోటు లేదు. ధనుర్మాసం పూల గిరాకీలో, ఆపైన ఆ సందడిలో కమలమ్మకు ఇటు వచ్చే తీరిక లేక, నీ సంచి ఆలస్యంగా నా చేతికొచ్చింది. ఆత్రంగా విప్పాను. విప్పి, చాటలో పోసి, అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాను.

ఇవి మన గింజలు కావు.

నన్ను ఎవరనుకున్నారు మీరు? మన గింజ అంచు ముదురుగా, ఎత్తుగా ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది, కళ్ళతో పని లేదు. ఇవి పలచగా, తెల్లగా, చివర సూదిగా ఉన్నాయి. సంతలో వంకర కత్తితో ముక్కలుగా కోసి అమ్ముతారే, ఆ కాయవి. పెళ్ళయిన నాటి నుంచి గుమ్మడి పాదు వేస్తున్న మనిషికి సంత గింజలు పొట్లం కట్టి పంపుతారా? మా ఆయన ఇంద్రసేన కూడా చూశాడు. ఆయనకు వంకాయకూ బెండకాయకూ తేడా అడిగితే ఆలోచించి చెబుతాడు. ఆయనే “ఇవి మనవి కాదే” అన్నాడు.

అంటే నేను అనుకున్నదే నిజం. వీడియోలో ఉన్నది సంత కాయ అన్నావు. మా కాయ ఏమైందో మాత్రం ఆ ఉత్తరం పొడుగునా ఒక్క ముక్క రాయలేదు. రెండోసారి చదివినప్పుడు గమనించాను. మా కాయను కూర వండి, గింజలు వేయించి తినేశారు. తిన్నామని చెప్పడానికి మొహం చెల్లక నా తమ్ముడి చేత దొంగ పొట్లం కట్టించావు. తిన్నామని చెప్పి ఉంటే ఒకరోజు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇది మాత్రం భరించలేకపోతున్నాను. అమ్మ పోయాక అమ్మదని నా చేతిలో తడిమి చూసుకోవడానికి ఉన్నది అదొక్కటే కాంచనా. నగలు నీకొచ్చాయి, నేను అడగలేదు. ఇల్లు తమ్ముడికి వచ్చింది, అడగలేదు. గింజలు అడిగాను.

ఆ సంత గింజలను కోళ్ళకు వేశాను. సంచి నా దగ్గరే పెట్టుకున్నాను.

దేవకి

*

తిరువళ్ళూరు,
12 జనవరి 2025

వదినా,

మీ గింజలను మేము తినలేదు. జరిగింది రాస్తున్నాను. రాయొద్దని మీ తమ్ముడు నిన్నటి దాకా బతిమాలాడు. ఇక ఆయన మాట వినను. ఆయన కోసం అబద్ధమాడి నేను దొంగనయ్యాను.

సెప్టెంబరులో కాయ వచ్చింది. మా ఇంట్లో దాన్ని కోయాలంటే మగవాడు మొదటి గాటు పెట్టాలి. ఆడది గుమ్మడికాయ కోస్తే ఇంటికి మంచిది కాదని, కొత్త కోడలిగా వచ్చిన నన్ను కత్తిపీట ముందు నుంచి లేపింది మీరే. గుర్తుందా? అప్పటి నుంచి ఎప్పుడూ నేను కోయలేదు. మీ తమ్ముణ్ణి అడిగాను. “రేప్పొద్దున కోస్తాలే” అన్నాడు. మర్నాడూ అదే మాట. పొద్దున బండితో పోతే చీకటి పడ్డాక వస్తాడు. ముకేశ్ వచ్చే రోజు ఇంట్లో కోడి కూర ఉంటుంది, గుమ్మడికాయ ఎవరికి గుర్తొస్తుంది? కాయ వంటింటి మూల అలాగే కూర్చుంది.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు బజారులో బూడిద గుమ్మడికాయలు పొద్దున్నే అయిపోయాయి. బండికి పూజ చేయాలి, దిష్టి తీయాలి, చేతిలో కాయ లేదు. నేను పూలు కడుతూ లోపల ఉన్నాను. ఆయన వంటింట్లోకొచ్చి మీ కాయను ఎత్తుకుపోయాడు. పైన పెచ్చు తీసి, కుంకుమ నీళ్ళు కలిపి పోసి, కర్పూరం వెలిగించి, బండి చుట్టూ, లోపల నేను ఉండగానే ఇంటి చుట్టూ, వాకిట్లో ఉన్న అందరి చుట్టూ తిప్పాడు. నేను బయటికొచ్చేసరికి వీధి మధ్యలో ఎత్తి కొట్టేశాడు. “బూడిద గుమ్మడి యాడా దొరకలేదు. దిష్టికి ఏ కాయైతే ఏమి? అక్కకు చెప్పొద్దు” అన్నాడు.

దిష్టి తీసి కొట్టిన కాయను చేత్తో ముట్టుకోకూడదు కదా. గింజలు రోడ్డు మీద కుంకుమలో ఎర్రగా మెరుస్తూ ఉన్నాయి. నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఏరుకోవాలని చెయ్యి ఎంత లాగిందో మీకు తెలియదు. బండ్లు తొక్కాయి, తర్వాత వాన వచ్చి కొట్టుకుపోయాయి. సంత గింజలు కొనుక్కొచ్చి పొట్లం కట్టింది ఆయన. తెలిసి కూడా పంపింది నేను.

ఇప్పుడు నా మాట కూడా వినండి. ఆ రోజు కత్తి నేను పట్టుకుని ఉంటే మీ గింజలు సెప్టెంబరులోనే బూడిదలో ఆరేవి. పట్టుకోనివ్వని నియమం ఎవరిది? ఇన్నేళ్ళు కాయ తిని, గింజలు కడిగి, ఆరబెట్టి, ఒక్కటీ ఉంచుకోకుండా తిరిగి పంపాను. మీ ఇంట్లో పాలేరు కూడా కోత అయ్యాక నాలుగు గింజలు ఇంటికి పట్టుకుపోతాడు. నువ్వూ ఒక పాదు వేసుకో కాంచనా అని ఒక్కసారైనా అన్నారా? మీ అమ్మగారు నన్ను నమ్మలేదు, మీరూ నమ్మలేదు. నమ్మని మనిషి దగ్గర ఇప్పుడు గింజలు లేవని కోప్పడితే నేనేం చేయను?

నగలు నాకొచ్చాయన్నారు. అవి మీ అమ్మగారి ఆసుపత్రికే పోయాయి. మీకు తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి.

కాంచన

*

తిరుత్తణి,
20 జనవరి 2025

కాంచనకు,

ఉత్తరం అందింది. పాదుకు తవ్విన గుంట నిన్న పూడ్చేశాను.

మా అమ్మ కాయను రోడ్డు మీద కొట్టారు. కొట్టింది నా తమ్ముడు. నియమం మగవాడు మొదటి గాటు పెట్టాలని ఉంది గానీ, నెల రోజులు మూలన పెట్టాలని లేదు. ఇంతకంటే రాస్తే అనకూడనివి అంటాను.

నాగలింగానికి చెప్పు. అక్క ఫోను ఎత్తదు. మీ ఇంటి నుంచి ఏమీ పంపొద్దు, నూనె కూడా. కమలమ్మకు కూడా చెప్పాను.

దేవకి

*

తిరువళ్ళూరు,
16 ఫిబ్రవరి 2025

వదినగారికి,

పంపొద్దన్నారు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. పోస్టుమ్యానుకు మీ కోపం తెలియదు.

నా ఉత్తరంలో గింజల గురించి అడిగినదానికి మీరు జవాబివ్వలేదు. నగల మాటకూ ఇవ్వలేదు. సరే, ఉండనీండి. ఇప్పుడు రాసేది వేరే సంగతి. చదివాక చించేయాలనిపిస్తే చించేయండి, కానీ చివరిదాకా చదవండి.

మా ఇంటి ఎదురుగా వీధికి అవతల కాలవ, దాని వెనక ఖాళీ స్థలం, ముళ్ళ కంచె. దీపావళి వానల తర్వాత ఆ కాలవ గట్టున ఏదో తీగ మొలిచింది. నేను చూశాను, పట్టించుకోలేదు. కాలవ గట్టున వందరకాలు మొలుస్తాయి. డిసెంబరులో పసుపు పూలు పూసింది. ఏదో గుమ్మడి అనుకున్నాను. మీ ఉత్తరాల వేడిలో ఉన్నాను కదా, గుమ్మడి కనిపిస్తేనే కోపం వచ్చేది.

సంక్రాంతి తర్వాత పిందెలు పడ్డాయి. రెండు రాలిపోయాయి, ఒకటి నిలబడింది. పోయిన వారం కంచె దగ్గర ఆవును అదిలిస్తూ కిందికి చూస్తే కాయ ముదిరి ఉంది. ముదిరినా నున్నగా లేదు. పచ్చ చారలు పోలేదు, అడుగున బొడ్డు పెద్దగా ఉంది, లోతైన గాడులు. వదినా, ఆ కాయను ఇన్నేళ్ళుగా ఏటా నా చేతులతో కడిగాను. నాకు తెలియదా? అది మనదే. ఆయుధ పూజ నాడు పగిలిన కాయలోని గింజే కాలవలోకి కొట్టుకుపోయి గట్టున మొలిచింది.

ఆవులు మేయకుండా తుమ్మ ముళ్ళు తెచ్చి అడ్డం పెట్టాను. మునిసిపాలిటీ మనిషి పొదలు కొట్టడానికి వస్తే కాళ్ళావేళ్ళా పడి ఆపాను. వీధిలో ఆడవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. దిష్టి కొట్టిన చోట మొలిచిన తీగ అని వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ దాని ఆకు కూడా తుంచలేదు. అందుకే బతికిందేమో. మీ తమ్ముడు కూడా భయపడుతున్నాడు. “దిష్టి కాయది గింజ, ఇంట్లోకి తేవొద్దు. అక్క పొలంలో ఏస్తే ఆ దిష్టి అక్క మీద పడ్తాది” అంటున్నాడు. కొట్టిన మనిషే ఇప్పుడు శాస్త్రం చెబుతున్నాడు. నేను ఊరుకోలేదు, అనాల్సిన నాలుగూ అన్నాను. అయినా ఆయన భయం నాకూ లేదని చెప్పలేను.

కోయమంటారా, వదిలేయమంటారా? పొలం మీది, గింజ మీది. నేను మాత్రం రోజూ పొద్దున వీధి దాటి పోయి ఆ కాయను చూసి వస్తున్నాను.

కాంచన

*

తిరుత్తణి,
22 ఫిబ్రవరి 2025

కాంచనకు దేవకి ఆశీస్సులు.

నాగలింగం శాస్త్రాలు చెప్పేంత పెద్దవాడైపోయాడా? పాఠశాలలో ఎక్కాలు చెప్పలేక నా వెనక దాక్కున్నవాడు. వాడి దగ్గర దిష్టి గురించి నేను నేర్చుకోవాలి! నా మీద పడుతుందట. నేను ఎర్రగా బుర్రగా ఉంటేనే కదా దిష్టి.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. ఇంద్రసేన చదివి వినిపించాడు, మళ్ళీ నేను చదువుకున్నాను. ఆయన కూడా ముందు వద్దన్నాడు. దిష్టి కొట్టిన గింజను విత్తనం చేయడం ఎక్కడా వినలేదన్నాడు. నేనూ వినలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని అదే ఆలోచిస్తూ ఉంటే ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. కంచం పక్కకు జరిపి లేచాను.

తర్వాత ఒకటి అనిపించింది. అది రాస్తాను, విను. ఆ కాయను ఎవరి చుట్టూ తిప్పారు? నా తమ్ముడి చుట్టూ, నీ చుట్టూ, ముకేశ్ చుట్టూ, ఆ ఆడపిల్ల భార్గవి చుట్టూ. అమ్మ బతికున్నంత కాలం చేసింది ఏమిటి? చేతికి ఉప్పూ మిరపకాయలూ దొరికినప్పుడల్లా మీ చుట్టూ తిప్పి పొయ్యిలో వేయడమే కదా. నాగలింగానికి జ్వరం వస్తే వాడికి తీసిన దిష్టి తన మీద పడాలని ఆమె వీధి చివర దాకా పోయి మొక్కేది. నేను కళ్ళారా చూశాను. మీ ఇంటి మీద పడిన పాడు కళ్ళన్నీ ఆమె కాయే మోసి, రోడ్డు మీద పగిలి, కాలవలో పడి, మళ్ళీ మీ గుమ్మం ఎదురుగానే లేచింది. అది దిష్టి గింజ అయితే అవనీ. అమ్మ ఉన్నా అదే చేసేది. దాన్ని వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. ఇది రాస్తుంటే కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి, అక్షరాలు అలుక్కుపోతే నన్ను అనొద్దు.

నువ్వు రెండు మాటలు అడిగావు. నగల సంగతి నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నాగలింగం చెప్పాల్సింది, వాడి సంగతి వేరే ఉత్తరంలో చూస్తాను. గింజల సంగతి. అమ్మ ఇల్లు చేతికి రాకముందు మీరు అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, నేల లేని చోట గింజ ఎందుకని అమ్మ అనుకుంది. కాలవ గట్టున, ముళ్ళు అడ్డం పెట్టి, మునిసిపాలిటీ వాళ్ళ కత్తికి ఎదురు నిలబడి కాయించావు. ఇంక నీకు గింజ ఇవ్వనని ఏ నోటితో అంటాను?

తొడిమ ఎండేదాకా కోయొద్దు. కోసేటప్పుడు తొడిమ విరగనీయకు. పంపు.

దేవకి

*

తిరువళ్ళూరు,
9 మార్చి 2025

వదినగారికి కాంచన నమస్కారాలు.

తొడిమ ఎండింది. ఈ పొద్దున నేనే కోశాను, తొడిమతో సహా. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చూడనిచ్చాను.

పసుపు సంచి మీ దగ్గరే ఉంది కాబట్టి నా పాత చీర చెంగుతో వేరే సంచి కుట్టాను. భార్గవి దాని మీద దారంతో గుమ్మడి పువ్వు వేసింది. మీ ఉత్తరం చదివి వినిపించాను. “ఈ అత్త కోపం లేకుండా రాయదా” అని అడిగింది. రాయదని చెప్పాను.

కమలమ్మ ఈ బరువు మోయలేనంటే మీ తమ్ముడు తానే రైల్లో తెస్తానన్నాడు. రెండు వారాలుగా ఏ మాట అనాలా అని తల పట్టుకుని ఉన్నాడు. గుమ్మంలో నిలబెట్టి తిట్టొద్దు, లోపలికి పిలిచి తిట్టండి.

ఒక మాట. ఈసారి కాయ నాది. అందుకని నియమం ఏమిటో మీకు తెలుసు. కాయ తిన్నవాళ్ళు గింజలు తిరిగి పంపాలి. సంచి ఖాళీగా పంపొద్దు.

కాంచన

*

తిరుత్తణి,
16 మార్చి 2025

చిరంజీవి సౌభాగ్యవతి కాంచనకు, భార్గవికి దేవకి ఆశీర్వాదాలు.

నా నియమం నాకే చదువుతావా? బాగుంది. మీ అత్త నుంచి ఈ మాట కూడా నేర్చుకున్నావన్నమాట.

నీ మొగుడు కాయను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు. లోపలికి పిలిచే తిట్టాను. తిని పోయాడు. ముక్కు చీదుకున్నాడు, జలుబు అన్నాడు. ఇక కాయ సంగతి. పొద్దున కోద్దామని కత్తిపీట వేసి, మొదటి గాటు పెట్టమని ఇంద్రసేనను పిలిచాను. ఆయన పొలంలో మోటారు దగ్గరికి పోయి, వస్తానన్నవాడు రాలేదు. చాలాసేపు కాయ ముందు కూర్చున్నాను. వంటింటి మూలన కాయను పెట్టుకుని నువ్వు నెల రోజులు ఎలా ఎదురుచూశావో అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. కత్తి నేనే పెట్టాను. ఏమీ కాలేదు. పాలు విరగలేదు, గేదె తన్నలేదు. ఆయన వచ్చి, కోసిన కాయను చూసి, నా మొహం చూసి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

గింజలు మనవే. తడమగానే తెలిసింది. కాసేపు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

నడుమ గింజలను బూడిద పట్టించి రెండు మూటలు కట్టాను. ఒకటి మా అటకకు కాదు, ఈసారి గోడకు తగిలించాను. ఇంకొకటి నీకు. అది తిరిగి పంపడానికి కాదు, వేసుకోవడానికి. జూలైలో ఆడి నెల పుట్టగానే మీ ఇంటి వెనక గుంట తవ్వి, పేడ వేసి వారం ఆరనిచ్చి పెట్టు. మళ్ళీ కాలవ గట్టును నమ్ముకోకు.

భార్గవికి చెప్పు. తొడిమ దగ్గరివీ అడుగువీ ఉప్పు నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, కారం వేసి వేయించాను. వీడియో తీసేసింది కాబట్టి గుర్తున్నంతలో చేశాను. ఉప్పు ఎక్కువైంది. తప్పు నాదో ఆమెదో తెలియాలంటే వీడియో మళ్ళీ పెట్టాలి. పెట్టేటప్పుడు మొదట, విత్తనానికి నడుమ గింజలు తీసి పక్కన పెట్టుకోండని చెప్పమను. ఆ తర్వాత పొడి చేసుకుంటుందో, పాయసంలో వేస్తుందో ఆమె ఇష్టం. ముఖానికి పూత మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

నీ చీర సంచిలో వేయించిన గింజలూ, విత్తనాల మూటా రెండూ వేరువేరుగా కట్టి పెట్టాను. కలిపేసి నా ప్రాణం తీయకు. పసుపు సంచి కూడా లోపలే మడిచి ఉంది. నీ పాదు కాసినప్పుడు మొదటి కాయ దాంట్లో వేసి నాకు పంపు. గింజలు నేను తిరిగి పంపుతాను.

నీ వదిన
దేవకి